దానము – అనుపాలనము : వేటపాలెము సారస్వత నికేతన పరిశీలనము

తామ్రశాసనములను పఠించువారికి ఒక విషయము సుపరిచితము. రాజవంశ వర్ణనము, ప్రతిగ్రహీత గోత్రసూత్రములు, దత్తగ్రామ సీమలు ముగిసిన పిమ్మట శాసనాంతమున కొన్ని ధర్మశ్లోకములు కానవచ్చును. పరదత్తమునైనను స్వదత్తమునైనను అపహరించువారికి కలుగు పాపమును కొన్ని తెలుపును. మరియొకటి దానమును, దానపాలనమును పోల్చి, ఇచ్చుటకంటె ఇచ్చినదానిని కాపాడుటకే అధిక ఫలమని నిర్ణయించును. లేఖకుడు ఆనవాయితీగా వ్రాసిన మాటలుగా పరిశోధకులు వీనిని దాటిపోవుట కలదు. కాని ఈ నిర్ణయమున ఒక లోకానుభవము ఇమిడియున్నది. ఇచ్చుట ఒక దినమున జరుగు కార్యము. కాపాడుట తరతరముల కార్యము. ఇచ్చినవాని పేరు శాసనమున నిలుచును. కాపాడినవాని పేరు చాలచోట్ల ఎవరికిని తెలియదు.

ఈ దాన–అనుపాలన వివేకమును ఆంధ్రదేశపు చిన్న ఊళ్లలో వదాన్యుల ధనముతో వెలసిన పౌరగ్రంథాలయములకు అన్వయించి చూచుట ఈ వ్యాసోద్దేశము. ఉదాహరణముగా గ్రహింపబడినది 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము.

పూర్తము – ఉత్సర్గము

ధర్మశాస్త్రకారులు పుణ్యకర్మలను ఇష్టమనియు, పూర్తమనియు రెండుగా విభజించిరి. కఠోపనిషత్తునందే 'ఇష్టాపూర్త' శబ్దము జంటగా వినబడుచున్నది. అమరసింహుడు క్రతుకర్మను ఇష్టమనియు, ఖాతాదికర్మను పూర్తమనియు చెప్పెను. ఖాతమనగా త్రవ్వబడినది, వాపీకూప తటాకాదులు. దేవాయతనము, ఆరామము, అన్నప్రదానము మున్నగునవియు స్మృతులలో పూర్తముగా పరిగణింపబడినవి. ఇష్టమునందు త్రైవర్ణికులకే అధికారము చెప్పిన స్మృతికారులు పూర్తమునందు ఇతరులకును అధికారమును అంగీకరించిరి.

ఇచట పూర్వపక్షము ఒకటి కలుగును. నిబంధ గ్రంథములలో ఎచ్చటను పౌరగ్రంథాలయము పూర్తకర్మగా పేర్కొనబడలేదు. అది పాశ్చాత్యుల సంపర్కముచే 19వ శతాబ్దిలో వచ్చిన సంస్థ. కావున దానిని పూర్తమనుట సాహసము అని. దీనికి సమాధానము 'ఖాతాది' యనుచోటి ఆదిశబ్దమందే కలదు. పరిగణనము ఉదాహరణార్థమే గాని ఇయత్తా నిర్ణయార్థము కాదు. సర్వజనోపభోగమునకై చేయబడి, ఏ ఒక్కని స్వత్వమునకును లోబడక నిలుచుట పూర్తమునకు సామాన్యలక్షణమైనచో, గ్రంథాలయమునకు ఆ లక్షణము చక్కగా పట్టును.

నిబంధకారులు చేసిన మరియొక భేదము ఇంకను ఉపయుక్తము. స్వస్వత్వ నివృత్తిపూర్వకముగా పరస్వత్వమును ఆపాదించుట దానము. గోవును ఒకనికిచ్చినచో అది అతనిదే. దాత దాని పాలను త్రాగుటకు వీలులేదు. తటాకమును సర్వభూతములకై విడుచుట ఉత్సర్గము. అచట స్వత్వనివృత్తి కలదు గాని, ఒక వ్యక్తికి స్వత్వము కలుగుట లేదు. అందుచే తటాకమును త్రవ్వించినవాడును సర్వులలో ఒకడై అందు నీరు త్రాగవచ్చును. గ్రంథాలయమును కట్టించిన వదాన్యుడును అట్లే. అతడు మరునాడు ఆ ద్వారముననే ప్రవేశించి, సామాన్య పాఠకుని ప్రక్కన బల్లపై కూర్చుండి చదువుకొనును. గ్రంథాలయస్థాపన దానముకంటె ఉత్సర్గమునకు సమీపమైనదని దీనివలన తేలుచున్నది.

అయితే ఉత్సర్గమున ఒక చిక్కు కలదు. గోవును పుచ్చుకొన్న బ్రాహ్మణుడు దానిని మేపుకొనును. ఏలన అది అతనిది. తటాకము అందరిదగుటచే దాని పూడిక తీయువాడెవడు? అందరిదైనది ఎవ్వరిదియు కాకపోవు ప్రమాదము ఇందు పొంచియున్నది. అనుపాలన విచారమునకు ఇదియే మూలము.

విద్యాదానము – పుస్తకము

వసిష్ఠస్మృతి గోవు, భూమి, సరస్వతి అను మూడింటిని అతిదానములుగా పేర్కొన్నది. అచట సరస్వతీ శబ్దమునకు విద్య అని అర్థము. విద్యాదానమును నిబంధకారులు విపులముగా చర్చించిరి. లక్ష్మీధరుని కృత్యకల్పతరువునందలి దానకాండము, హేమాద్రి చతుర్వర్గ చింతామణియందలి దానఖండము దేవీపురాణ, నందిపురాణాదుల ఆధారముతో పుస్తకదాన విధానమును వివరించుచున్నవి. శుభదినమున లేఖనమును ఆరంభించుట, మాతృకతో సరిచూచుట, పూర్తియైన పుస్తకమును వాహనముపై ఊరేగించి దేవాలయమునకు కొనిపోవుట, చదివి వినిపించు వాచకుని సత్కరించుట అందలి అంగములు. పుస్తకమును ఇచ్చినంత మాత్రమున దానము ముగియలేదు. దానిని చదువువాడు, వినువారు ఉన్నపుడే విద్యాదానము సిద్ధించినదని ఈ విధానమువలన తెలియును.

పుస్తకరక్షకులకు వృత్తి కల్పించిన ఆధారములును కలవు. నేటి కర్ణాటకములోని కలబురగి ప్రాంతమున నాగావి యను చోట క్రీ.శ. 1058 నాటి శాసనము లభించినది. చాళుక్య ప్రభువు మొదటి సోమేశ్వరుని కాలమున మధుసూదన దండనాయకుడు అచట ఘటికాస్థానమును నెలకొల్పెను. వేదములకు ముగ్గురు, శాస్త్రములకు ముగ్గురు అధ్యాపకులను నియమించిన ఆ దాత, పుస్తకముల రక్షణకై ఆరుగురు సరస్వతీ భాండారికులను ఏర్పరచెను. బోధించువారెందరో పుస్తకములను కాచువారును అందరే. ఈ సంఖ్యాసామ్యము నేటి విద్యాసంస్థలు గమనింపదగినది.

భాండాగారమునుండి నికేతనమునకు

ప్రాచీన గ్రంథసంచయములకు 'సరస్వతీ భాండారము' అని వాడుక. భాండారము కోశగృహము, తాళము దానికి సహజము. అందలి గ్రంథములు ఆశ్రిత విద్వాంసులకే లభ్యములు. వేదశాస్త్రాధ్యయనమున అధికారి విచారము ఉండుటచే ఆ తాళము ఇనుముదే గాక శాస్త్రముదియు అయ్యెను. ఈ సత్యమును సంప్రదాయజ్ఞులు దాచవలసిన పనిలేదు. 19వ శతాబ్ది చివర ఆంధ్రదేశమున వెలసిన పౌరగ్రంథాలయముల విశేషము ఈ తాళమును తీయుటయే.

విశాఖపట్టణమున 1886లో వెలసిన గ్రంథాలయమునకు 'సరస్వతీ నిలయము' అని పేరు. ఆంధ్రదేశ గ్రంథాలయ చరిత్రకారులు దీనిని తొలి పౌరగ్రంథాలయముగా గణింతురు. ఇచట భాండార శబ్దము పోయి నిలయ శబ్దము వచ్చినది. పశ్చిమగోదావరి జిల్లా కుముదవల్లి గ్రామమున 1897లో భూపతిరాజు తిరుపతిరాజుగారు వీరేశలింగకవి సమాజ గ్రంథాలయమును స్థాపించిరి. అప్పటికి కందుకూరి వీరేశలింగము పంతులుగారు జీవించియే యున్నారు. రాజమహేంద్రవరమున 1898లో నాళము కృష్ణారావుగారు తమ గురువులైన వడ్డాది సుబ్బారాయుడుగారి పేర వసురాయ గ్రంథాలయమును నెలకొల్పిరి. ఇది కాలాంతరమున రత్నకవి గ్రంథాలయముతో కలసి గౌతమీ గ్రంథాలయమైనది. స్థాపకులు తమ పేరును గాక గురువు పేరునో, కవి పేరునో, సరస్వతి పేరునో గ్రంథాలయమునకు ఉంచుట ఇందు సామాన్యము. యజ్ఞమున హవిస్సును విడుచునపుడు యజమానుడు 'ఇది నాది కాదు' అని పలుకు త్యాగవచనమునకు లోకమున ఇంతకంటె దగ్గరి ఉదాహరణము అరుదు.

ఈ చెదురుమదురు యత్నములను ఒక ఉద్యమముగా కూర్చినవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు (1890–1979). 1914 ఏప్రిల్ నెలలో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల తొలి మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతను జరిగినది. సమావేశ నామమున భాండాగార శబ్దమింకను నిలిచియుండుట గమనింపదగినది. ఆ సభకు నాలుగేండ్ల పిమ్మట వేటపాలెము గ్రంథాలయము పుట్టినది.

వేటపాలెము సారస్వత నికేతనము

వేటపాలెము చీరాల చెంత, సముద్రతీరమునకు సమీపమున, మద్రాసు–బెజవాడ రైలుమార్గముపై నున్న చేనేతవారి ఊరు. 1918లో అది గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడి పిమ్మట ప్రకాశమను పేరొందిన జిల్లాలో చేరి, 2022నుండి బాపట్ల జిల్లాలో నున్నది. రాజధాని కాదు, సంస్థాన కేంద్రము కాదు, కళాశాలలున్న నగరమును కాదు. అట్టి ఊర 1918 అక్టోబరు 15న హిందూ యువజన సంఘ పక్షమున శ్రీ వి. వి. శ్రేష్ఠిగారు గ్రంథాలయమును ప్రారంభించిరి. 1929లో ఆంధ్రదేశ యాత్రకు వచ్చిన మహాత్మాగాంధి దాని నూతన భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్ర నేటికిని అచ్చట భద్రముగా నున్నది.

'సారస్వత నికేతనము' అను నామము సార్థకము. సరస్వతికి సంబంధించినది సారస్వతము. 'తస్యేదమ్' అను అర్థమున అణ్ ప్రత్యయము. నికేతన శబ్దము నివాసార్థకమగు 'కిత' ధాతువునుండి ఏర్పడినది. అమరుడు దీనిని గృహపర్యాయములలో పఠించెను. భాండారమున వస్తువు దాచబడును. నికేతనమున మనుష్యుడు నివసించును. దూరప్రాంతములనుండి వచ్చు పరిశోధకులు దినములతరబడి బసచేసి చదువుకొనుటకు ఏర్పాటున్న ఈ గ్రంథాలయమునకు ఆ పేరు చెల్లినది.

శ్రేష్ఠి శబ్దమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. బౌద్ధ వాఙ్మయమున జేతవన దాతయగు అనాథపిండదుడు శ్రేష్ఠియే. వణిజుల శ్రేణికి ప్రముఖుడు శ్రేష్ఠి. ఊరి పూర్తకర్మలకు అతడు ముందు నిలుచుట ఈ దేశమున అతిప్రాచీన సంప్రదాయము. వేటపాలెమున్న బాపట్ల జిల్లాలోనే భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండర్ రే అచటి స్తూపమును త్రవ్వగా లభించిన ధాతుకరండములపై శాసనములు కలవు. బ్యూలర్ పండితుడు పరిష్కరించిన ఆ శాసనములలో 'గోఠి', 'నిగమ' శబ్దములును, ఆ గోష్ఠులకు చెందిన సభ్యుల పేర్ల పట్టికలును కనబడును. అనగా క్రీస్తుపూర్వ శతాబ్దములందే ఈ సీమలో పదిమంది పేర్లు చేర్చి ఒక్క ధర్మకార్యమును నిర్వహించు పద్ధతి ఉండెను. యువజన సంఘమను పేరు క్రొత్తది. ఆ పద్ధతి క్రొత్తది కాదు.

ఈ గ్రంథాలయ సంపద 70 వేలకు పైబడిన పుస్తకములు. తెలుగు, సంస్కృత, హిందీ, ఆంగ్ల గ్రంథములు అందు కలవు. పరిశోధకులను ముఖ్యముగా ఆకర్షించునది 1909 మొదలుకొని భద్రపరచిన పత్రికల సంచయము. దినపత్రిక చదివిన మరునాడు పొట్లముగా మారును; దానిని పదిలపరచుటకు ఒక దూరదృష్టి కావలెను. భాషాచరిత్ర, సాహిత్యవివాదములు, స్వాతంత్ర్యోద్యమము, సంఘసంస్కరణము – వీనిని గూర్చి వ్రాయువారికి తొలి ముద్రణములు, నాటి పత్రికలు మూలాధారములు. ఇవి ఒక నగరమున గాక చిన్న ఊర నిలిచియుండుట ఎట్లు సాధ్యమైనదను ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసమునకు ప్రధాన విషయము.

అనుపాలన మార్గములు

భవనమును ఒక్క దాత కట్టింపవచ్చును. ప్రతిదినము తలుపు తెరచువాడు, దుమ్ము దులుపువాడు, బైండు కట్టువాడు, దీపమునకు ధనమిచ్చువాడు కావలెను. ఈ నిత్యవ్యయము ఎవరిది అను ప్రశ్నకు లోకమున మూడు మార్గములు కానవచ్చుచున్నవి.

మొదటిది దాతయే మూలధనమును ఏర్పరచుట. దీనికి ఉత్తమోదాహరణము కాకతీయ రుద్రమదేవి కాలమున, క్రీ.శ. 1261లో వెలసిన మల్కాపుర శాసనము. గోళకీ మఠాధిపతి విశ్వేశ్వరశంభునకు దత్తమైన మందర, వెలంగపూడి గ్రామముల ఆదాయమును మఠము, విద్యామండపము, సత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల మున్నగు వానికి భాగములుగా విభజించి, అధ్యాపకులు మొదలుకొని సేవకుల వరకు ఎవరి వృత్తి ఎంతయో ఆ శాసనము నిర్దేశించినది. ఇచ్చునపుడే అనుపాలనమును ఊహించిన దానమది.

రెండవది ఉపభోక్తలచే భరింపజేయుట. అమెరికా దేశపు ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ ధనముతో 1883 మొదలు 1929 వరకు వివిధదేశములలో 2,509 గ్రంథాలయములు వెలసినవి. ఆయన నియమము గమనింపదగినది. ఊరివారు స్థలమును ఇయ్యవలెను; తానిచ్చిన మొత్తమున పదవవంతును ప్రతివత్సరము నిర్వహణమునకై తమ పన్నులనుండి వెచ్చింతుమని ఒప్పుకొనవలెను. అనుపాలన ప్రతిజ్ఞ లేనిచో దానము లేదు. దానపాలన శ్లోకమును ఎరుగని ఆ దాత దాని తాత్పర్యమును వ్యవహారమున అనుష్ఠించెను.

మూడవది రాజు భారము వహించుట. పూర్వదత్తములను రక్షించుట రాజధర్మమని స్మృతులు ఘోషించుచున్నవి. ఆధునిక కాలమున 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయ శాసనము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ శాసనము ఈ ధర్మమునకు చట్టరూపములు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు అందజేయుట ఇందలి విధానము. రాజమహేంద్రవర గౌతమీ గ్రంథాలయము 1979లో ప్రభుత్వాధీనమైనది.

ఇచట రెండవ పూర్వపక్షము. ప్రభుత్వమే గ్రంథాలయములను నడుపుచుండగా ప్రజలు నడుపుకొను పాతసంస్థలతో పనియేమి? పన్ను కట్టిన పౌరుడు మరల విరాళమేల ఇయ్యవలెను? ఈ శంక యుక్తమువలె తోచును. కాని శాఖాగ్రంథాలయమునకును, శతవర్షముల సంచయమునకును ప్రయోజనభేదము కలదు. శాఖాగ్రంథాలయము నేటి పాఠకునికి నేటి పుస్తకమును అందించును. చిరిగిన పుస్తకమును తొలగించి క్రొత్తదానిని చేర్చుట దానికి సహజము. వేటపాలెమువంటి సంస్థకు చిరిగినదియే ధనము; ఏలన దానికి మరియొక ప్రతి ఎచ్చటను లేకపోవచ్చును. మొదటిదానికి పన్ను చాలును. రెండవదానికి పన్నుతోపాటు మమకారము కావలెను. వేటపాలెము గ్రంథాలయము ప్రభుత్వశాఖగా మారక, కార్యవర్గము ద్వారా దాతల ఆదరముతో శతాబ్దిని దాటినది. నిత్యవ్యయమునకు పన్నుల ఆధారము లేని సంస్థకు ప్రతితరమునను క్రొత్త దాతలు పుట్టవలెను. ఒక తరము ఉదాసీనమైనచో పూర్వతరముల శ్రమయంతయు ప్రశ్నార్థకమగును.

కాగితపు ఆయుర్దాయము

అనుపాలనము నేడు అత్యవసరమగుటకు ద్రవ్యస్వభావము కారణము. తాటియాకు సరిగా సిద్ధపరచి, నూనె పూసి, మసి అద్ది, కట్టలో బిగించినచో కొన్ని శతాబ్దములు నిలుచును. నూనెనుండి, నీటినుండి, సడలిన కట్టునుండి, మూర్ఖుని చేతినుండి తన్ను రక్షింపుమని పుస్తకము ప్రార్థించుచున్నట్లు లేఖకులు గ్రంథాంతమున వ్రాయుట ప్రసిద్ధము. ఆకు శిథిలము కాకముందే ప్రతి వ్రాయించుటయు పూర్వుల ఆచారము.

వార్తాపత్రికల కాగితము అట్టిది కాదు. చెక్కగుజ్జుతో చేసిన ఆ కాగితమున కొయ్యయందలి లిగ్నిన్ మిగిలియుండును. దానివలనను, తయారీలో కలిపిన పటిక వలనను కాలక్రమమున ఆమ్లము పుట్టి కాగితము పసుపువన్నెకు తిరిగి, మడతలయందు విరిగిపోవును. సముద్రతీరపు తేమ ఈ క్షయమును త్వరపరచును. శిథిలమగుచున్న పత్రికను మాటిమాటికి తిరుగవేసినను అది పొడియగును. ఇచట ధర్మసంకటము ఏర్పడుచున్నది. పాఠకునికి ఈయకున్నచో నికేతనము మరల భాండారమగును. ఇచ్చినచో గ్రంథము నశించును.

ప్రతిలేఖనమే దీనికి పరిష్కారమని పూర్వులు చూపిన మార్గము నేటికిని మార్గమే. సాధనము మాత్రము మారినది. తాళపత్రమునకు లేఖకుడు ఎట్టివాడో, నేడు ఛాయాగ్రహణయంత్రము, కంప్యూటరు అట్టివి. అయితే ప్రతిచిత్రము మూలమునకు ప్రత్యామ్నాయము కాదు. సరిగా తీయని ప్రతిచిత్రమున అరసున్నలు, శకటరేఫలు, ఒత్తులు, అంచుననున్న వ్రాతలు లోపించును. మాతృకతో సరిచూడవలెనను నందిపురాణ విధి ఇచటను వర్తించును. ఆ సరిచూచు పని యంత్రముది కాదు, పండితునిది.

ఉపసంహారము

పౌరగ్రంథాలయము పూర్తకర్మ. అందు ఉత్సర్గ లక్షణము కలదు. ఉత్సర్గమగుటచే దానికి యజమాని లేడు. యజమాని లేనందున అనుపాలకుడు అవసరము. వేటపాలెమున 1918లో దాతలు తమ పనిని నిర్వర్తించిరి. శేషించినది తరువాతివారి పని.

ఈ పనిలో ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు ప్రత్యేకమైన పాలు కలదు. వావిళ్ల మున్నగు ముద్రణాలయములు తెలుగు లిపిలో అచ్చొత్తిన సంస్కృత గ్రంథములు ఇట్టి గ్రంథాలయములందు చేరియుండును. అందు వ్యాఖ్యానసహితములైన కొన్ని మరల ముద్రింపబడలేదు. నాగరలిపికి అలవడిన నేటి విద్యార్థి వానిని తెరచుటయే అరుదు. తెలుగు చదువరి సంస్కృతమని విడిచిపెట్టును. ఈ ఇరువురి నడుమ పడి అవి నిరాశ్రయములైనవి. వానిని గుర్తించి, గ్రంథనామ కర్తృనామ ముద్రణవత్సరములతో వివరణాత్మక సూచికను తయారుచేయుటకు ఉభయభాషలు ఎరిగినవారు కావలెను. అట్టివారు ప్రాచ్యకళాశాలలలోనే కలరు. ప్రతి అధ్యాపకుడు వేసవిసెలవులలో పదిదినములు సమీపమునందలి ఒక పాత గ్రంథాలయమున కూర్చుండి ఒక్క బీరువాకు సూచిక వ్రాసినచో, ధనవ్యయము లేకయే గొప్ప అనుపాలనము జరుగును. శిష్యులను వెంట కొనిపోయినచో ఆ పని తరువాతి తరమునకును సంక్రమించును.

భవనమును కట్టింపగల ధనము పండితులకు లేదు. నాగావి శాసనము దాతనే గాక ఆరుగురు భాండారికులనుగూడ స్మరించినది. ఆ ఆరుగురి స్థానము నేడు ఖాళీగా నున్నది.